భాగ్యత్త నడిపిన కైకిలి బండి

చేను దగ్గర ఆడవాళ్లు బండి దిగేటప్పుడు భాగ్యత్త అద్దంలో చూస్తూ ఒక్కొక్కరినీ అడిగేది.

“రెండు కాళ్లు కింద వెట్టినవా?”

“వెట్టిన” అని వినపడితేనే తర్వాతి మనిషి దిగాలి. అందరూ దిగి పక్కకు జరిగాకే బండి కదలాలి. సైదమ్మ అని ఒకావిడ ఉంది, నోరు ఊరుకోదు. “మూడో కాలు లేదే భాగ్యా, ఉంటే అదీ వెడుదును” అనేది. తక్కినవాళ్లు పకపకా నవ్వేవాళ్లు. భాగ్యత్త నవ్వేది కాదు. సైదమ్మ “వెట్టిన తల్లీ, వెట్టిన” అనేదాకా అద్దంలోంచి కళ్లు తీసేది కాదు.

భాగ్యలక్ష్మి మా నాయినకు చెల్లెలు. కోస్గి దగ్గర, వాన పడితే పండే కంది చేలల్లో పెరిగింది. చిట్యాల హైవే మీద నుంచి లోపలికి పోయే దారిలో ఉన్న ఈ ఊరికి కోడలిగా వచ్చింది. ఆమె పాలమూరు మాట విని ఇక్కడివాళ్లు మొదట్లో నవ్వేవాళ్లట. భర్త బీరప్ప తన వాటాకు వచ్చిన గొర్రెలన్నీ అమ్మి ఒక పాత వ్యాను కొన్నాడు. ముందు సీటు ఎత్తితే కింద ఇంజన్ ఉండే రకం. యాదగిరిగుట్టకు పోయేవాళ్లను, పెళ్లిళ్లకు పోయేవాళ్లను తిప్పేవాడు. కరోనా రెండోసారి వచ్చినప్పుడు నల్లగొండ దవాఖానలో చనిపోయాడు. వాళ్లకు పిల్లలు లేరు. నా చదువు అప్పటికే పదో తరగతిలో ఆగిపోయింది. అత్తకు తోడుగా ఉంటానని నన్ను ఇక్కడికి పంపారు.

బండి అమ్మెయ్యమని అందరూ చెప్పారు. అత్త అమ్మలేదు. మామ ఉన్నప్పుడే కోతలైన మళ్లలో స్టీరింగ్ పట్టుకోవడం నేర్చుకుంది. లైసెన్సు తెచ్చుకుని, పత్తి ఏరే కాలంలో ఊరి ఆడవాళ్లను పొద్దున కైకిలికి, అంటే కూలికి, చేలకు తీసుకుపోవడం, పొద్దుగూకే ముందు తిరిగి తేవడం మొదలుపెట్టింది.

అంతకుముందు వాళ్లంతా సతీశ్ ఆటోలో పోయేవాళ్లు. ఆటో నిండి, డ్రైవర్ సీటుకు ఆ పక్కన ఒకరు ఈ పక్కన ఒకరు కూర్చోవాల్సి వచ్చేది. హ్యాండిల్ తిప్పుతున్నట్టే సతీశ్ మోచెయ్యి తగిలేది. ఆ సంగతి ఎవరూ పైకి అనేవాళ్లు కాదు. ఆ సీటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పడుచు పిల్లలు వెనక్కి తగ్గేవాళ్లు, ముసలివాళ్లు ముందుకు జరిగేవాళ్లు. అత్త బండి వచ్చాక ఆ బాధ తీరింది. దారిలో పాటలు పాడుకునేవాళ్లు. కొందరు పిల్లలకు పాలిచ్చేవాళ్లు.

అత్తకు ఉన్న ఆస్తి ఆ నమ్మకం ఒక్కటే. అది పోతే బండి ఉన్నా లేనట్టేనని ఆమెకు తెలుసు. సతీశ్ చాయ్ హోటల్ ముందు కూర్చుని మాకు వినపడేటట్టే అనేవాడు: “ఆడిది బండి నడుపుడు ఎన్ని దినాలు? ఒక్కనాడు ఏడనో గుద్దుతది. గప్పుడు సూడుండ్రి.”

ఆ ఏడు పత్తి మొదటిసారి ఏరుతున్నప్పుడు బండికి జబ్బు చేసింది. నిలబెడితే వణికేది. ఎత్తు ఎక్కేటప్పుడు దగ్గేది. ఒక్కోసారి ఆగిపోయి మళ్లీ స్టార్ట్ కావడానికి సతాయించేది. అందుకని దారిలో ఎక్కడ ఆగినా అత్త ఇంజన్ బంద్ చెయ్యడం మానేసింది. గేరులోనే ఉంచి క్లచ్ తొక్కి పట్టుకునేది, అవతల దించగానే పోవచ్చని.

చిట్యాలలో ఖలీద్ షెడ్డు ఉంది. మామ ఉన్నప్పటి నుంచీ ఆ బండిని చూసేది అతనే. బ్రేకులు కొత్తవి వేయించడానికి పోయినప్పుడు అతను సీటెత్తి ఇంజన్ చప్పుడు విన్నాడు.

“భాభీ, సీసాల పెట్రోల్ పోస్తున్నవ్ గదా?”

 ఏరే కాలంలో బంకు దాకా పోయే తీరిక ఉండదు. ఊళ్లో దుకాణంలో సీసాల్లో పోసి అమ్మేదే పోసేది.

“గా సీసాల అడుగున మట్టి ఉంటది. గదంత పోయి ఇంజెక్టర్ల మూతికాడ జమైతాంది. గాలి గొట్టం సుత మసి పట్టింది. రెండు దినాలు బండి ఇడిసిపెట్టు, సాఫ్ చేసి ఇస్త.”

“రెండు దినాలు ఇడిసిపెడ్తే నా కైకిలోళ్లు సతీశ్ ఆటో ఎక్కుతరు. ఎక్కినోళ్లు మళ్ల దిగుతరో లేదో.”

ఖలీద్ నవ్వి, “సరె, బీరప్ప అన్న ఇంట్లనే చేసుకునేటోడు. నువ్వు సూసినవ్ గద, నువ్వే చెయ్యి” అన్నాడు. కడిగే మందు స్ప్రే డబ్బా, మూడు ఇంజెక్టర్లకు కొత్త రబ్బరు రింగులు ఇచ్చాడు. బండి ఎక్కబోతుంటే వెనక నుంచి కేక వేశాడు. “భాభీ, పాత బనీన్ గుడ్డతోనే తుడువు. పోగులు ఊడే గుడ్డ అసలే పెట్టకు.”

కార్తీక పున్నమికి ముందు రోజు ఊళ్లో ఎవరూ చేలకు పోలేదు. అత్త ఆ రోజే పని పెట్టుకుంది. వాకిట్లో బండి ఆపి, పెట్రోలు పంపు ఫ్యూజు పీకి, ఇంజన్ తనంతట తాను ఆగిపోయేదాకా నడిపింది. అట్లా చేస్తే పైపులో ఒత్తిడి పోతుంది, విప్పినప్పుడు పెట్రోలు ముఖం మీద చిమ్మదు. తర్వాత బ్యాటరీ వైరు తీసి, సీటు ఎత్తి, ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే మూడు ఇంజెక్టర్లను లాగి పళ్లెంలో పెట్టింది. ఒక్కోటి చిటికెన వేలంత ఉంది.

ఎదురింటి గోపమ్మవ్వ పొద్దున్నే మా అరుగు మీదికి చేరింది. కార్తీక పున్నమికి వాడకట్టులో అందరిళ్లకూ ఏడాది వత్తులు చేసి ఇచ్చేది ఆమే. ఆ ఏడు ఏరిన కొత్త పత్తిలో గింజను చేత్తోనే తియ్యాలి, మిల్లుకు పోయిన పత్తి దేవునికి పనికిరాదని ఆమె పట్టు. కళ్లకు పొర కమ్మినా వేళ్లతో తడిమి గింజ తీసేది. చేలో కూడా అంతే, వయసు మీద పడినా ఒడి కట్టుకుని ఏరడానికి వచ్చేది. మోకాళ్లు వంగవు కాబట్టి బండిలో తలుపు పక్క సీటు ఎప్పుడూ ఆమెదే.

“ఏందే భాగ్యా, బండి కడుపు కోసి వెట్టినవ్?”

“కడుపు కాదవ్వా, గొంతు. దగ్గుతాంది గద, గొంతు కడుగుతున్న.”

“ఐతె నాది సుత జర కడుగరాదే. రాత్రంత ఒక్కటే దగ్గు.”

“నీకు గీ మందు కొడ్తే సక్కగ బీరప్ప దగ్గరికే పోతవ్.”

“పోత తియ్. పొయ్యి, నీ పెండ్లాం నన్ను పంపిందిరా అని చెప్త.”

అత్త ఒక ఇంజక్షన్ సిరంజిని సెలైన్ పైపు ముక్కతో ఇంజెక్టర్‌కు బిగించింది. అందులో మందు పోసి నొక్కుతూ ఉంటే, నేను దూరంగా పెట్టిన బ్యాటరీ నుంచి వైరు కొనను తాకించి తియ్యాలి. తాకించినప్పుడల్లా ఇంజెక్టర్ టిక్కుమని నోరు తెరిచేది. మొదట మందు సన్నని దారంలా ఒక పక్కకే పడింది. నల్లగా వచ్చింది. పోను పోను తెల్లబడింది. చివరికి గుడిలో పన్నీరు చల్లినట్టు పొగలాగా విచ్చుకుంది. మూడూ అట్లాగే వచ్చాయి. అత్త ముఖం చాలా రోజుల తర్వాత తేటగా కనిపించింది. “మీ మామ చేస్తే గిట్లనే వచ్చేది” అంది.

మిగిలింది థ్రాటిల్ బాడీ. ఇంజన్‌లోకి గాలి పోయే దారిలో, రబ్బరు గొట్టం విప్పితే కనిపించే లోహపు నోరు అది. దాంట్లో గుండ్రటి రేకు ఒకటి ఉంటుంది. కాలితో యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకుంటుంది, కాలు తీస్తే మూసుకుంటుంది. రేకు చుట్టూ పొయ్యి మసిలాగా నల్లగా కట్టింది. అత్త మందు కొట్టి, పాత పళ్ల బ్రష్‌తో రుద్ది, మామ బనీను చించిన గుడ్డతో తుడిచింది. గుడ్డ కాసేపటికే నల్లబడి జిడ్డు తాగడం మానేసింది.

మామ బనీన్లు రెండే మిగిలాయి. చించింది ఒకటి. రెండోది పెట్టెలో ఉంది. అత్త నా వైపు చూసింది, ఇంటి వైపు చూసింది. తెమ్మని మాత్రం అనలేదు.

గోపమ్మవ్వ అరుగు మీద నుంచే చెయ్యి చాచింది. పిడికిట్లో తెల్లటి పత్తి.

“గుడ్డెందుకు బిడ్డా, గిదిగో తీస్కో. గింజ తీసిన పత్తే. మెత్తగుంటది.”

“దేవునికి వెట్టేది గదవ్వా?”

“నీ బండి దేవుడు కాదా? ఇంత బువ్వ వెడ్తాంది.”

అత్త తీసుకుంది. పత్తి మందును బాగా తాగింది. స్క్రూడ్రైవర్ కొసకు చుట్టి రేకు వెనక సందుల్లో కూడా తుడిచింది. రబ్బరు గొట్టం మడతల్లోకి వేళ్లు పోనిచ్చి తుడిచింది. లోహం వెండిలా మెరిసింది. అన్నీ బిగించి తాళం తిప్పితే బండి ఒక్కసారికే లేచింది. వణుకు లేదు. గోపమ్మవ్వ చెవి ఒగ్గి విని, “గొంతు సాఫైంది” అంది.

పున్నమి నాడు ఆమె చేసిన వత్తుల కట్ట వెలిగించాం. ఆ మర్నాడు మళ్లీ చేలకు బయల్దేరాం.

బండి బాగా నడిచింది. సైదమ్మ, “నీ మొగుడు దిగొచ్చి చేసినట్టుందే” అంటే అత్త మొదటిసారి ఆమె మాటకు నవ్వడం చూశాను. వాగు దాటాక ఎత్తు ఉంది. అత్త గట్టిగా తొక్కింది. బండి దగ్గకుండా ఎక్కింది. ఎక్కి, చేను గట్టు దగ్గర ఆగేటప్పుడు అత్త కాలు తీసింది. ఇంజన్ మాత్రం తగ్గలేదు. తొక్కినప్పటి మాదిరే అరుస్తోంది.

అలవాటు కొద్దీ బండిని గేరులోనే ఉంచి అత్త క్లచ్, బ్రేకు రెండూ తొక్కి పట్టుకుంది. ఇంజన్ మోత ఇంకా పెరిగింది. లోపల ఆడవాళ్లు భయపడి, “ఏమైందే, పేలుతాందా ఏంది, దిగుండ్రి దిగుండ్రి” అని ఒకరినొకరు తోసుకున్నారు. తలుపు పక్కన ఉన్నది గోపమ్మవ్వ. ఎవరో తలుపు జరిపారు.

“దిగకుండ్రి! ఆగుండ్రి!” అని అత్త అరిచింది. ఇంజన్ చప్పుడులో అది ముందు సీట్లో ఉన్న నాకు తప్ప ఎవరికీ వినపడలేదు. బంద్ చెయ్యడానికి తాళం మీదికి వంగింది. ఆ వంగడంలో క్లచ్ మీద నుంచి కాలు జారింది. బండి ముందుకు దూకింది. ఆమె మళ్లీ బ్రేకు మీద నిలబడినట్టు తొక్కితే ఇంజన్ ఒక్కసారి వణికి ఆగిపోయింది.

బండి కదిలింది మనిషి పొడవంత కూడా ఉండదు. గోపమ్మవ్వ ఒక కాలు నేల మీద పెట్టి ఉంది, ఇంకో కాలు బండిలో ఉంది. గట్టు మీద పక్కకు పడిపోయింది. అరవలేదు. కాలు ఉండకూడని వైపు తిరిగి ఉంది. ఒడిగుడ్డ ముఖం మీదికి వచ్చి పడింది. అత్త దిగి వచ్చి ఆ గుడ్డ తీసి, ఆమె తల ఒళ్లో పెట్టుకుంది.

“అడుగకపోతివి గదే బిడ్డా ఇయ్యాల” అంది గోపమ్మవ్వ.

ఆ బండిలోనే పోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. సతీశ్ ఆటో పిలిపించి నల్లగొండ పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. తొడ ఎముక పైన, తుంటి కీలు దగ్గర విరిగిందన్నారు. రాడ్డు వెయ్యాలి, వేసినా ఈ వయసులో నడుస్తుందని చెప్పలేమన్నారు.

మర్నాడు పొద్దున అత్త గట్టు దగ్గరి నుంచి బండిని ట్రాక్టర్‌తో లాగించి వాకిట్లో పెట్టించింది. తలుపు గడియ వేసి, లోపలికి పోయి, పెట్టె తెరిచి మామ రెండో బనీను తెచ్చింది. దాన్ని నిలువుగా చించింది. సీటు ఎత్తి, రబ్బరు గొట్టం విప్పింది. నేను పక్కన నిలబడ్డాను.

రేకు పూర్తిగా మూసుకోలేదు. అంచుకూ లోహానికీ మధ్య నల్లబడిన పత్తి పీలిక ఒకటి ఇరుక్కుని ఉంది. అత్త గోటితో లాగింది. పీలికతో పాటు ఒక పత్తి గింజ బయటికి వచ్చింది. గొట్టం మడతలో ఉండిపోయి, ఎత్తు ఎక్కేటప్పుడు గాలి గుంజితే వచ్చి అక్కడ పడ్డట్టుంది. గింజ మీద రేకు అంచు గీత పడి ఉంది.

అత్త దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. అరుగు వైపు చూసింది. అక్కడ గోపమ్మవ్వ కూర్చున్న చోట ఇంకా రెండు మూడు పత్తి పోగులు గోడకు అంటుకుని ఉన్నాయి. తర్వాత గింజను కొంగు కొసన ముడి వేసుకుంది.

“అత్తా…” అన్నాను.

“ఊకో.”

ఊళ్లో అప్పటికే ఇంకో మాట పుట్టింది. బ్రేకులు పడలేదని, బ్రేకులు చేసింది ఖలీద్ అని. మధ్యాహ్నం గోపమ్మవ్వ కొడుకు చెన్నయ్య వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. వెంట నలుగురైదుగురు మగవాళ్లు ఉన్నారు.

“వదినా, ట్రాలీ ఎక్కు. చిట్యాల పోతున్నం. గా ఖలీద్ గాని షెడ్డు ఇయ్యాలటి సంది నడువద్దు.”

“ఎందుకు?”

“ఎందుకేంది? బ్రేకులు చేసి వారం కాలే. నువ్వొక్క మాట చెప్పు సాలు. బ్రేకు తొక్కిన, పడలేదని. నీ తప్పు లేదని మా ఆడోళ్లకు సుత తెలుస్తది. మళ్ల నీ బండే ఎక్కుతరు.”

వెనక ఉన్న ఒకతను, “గంతే వదినా, నీ బండి నీకుంటది. వాని సంగతి మేం జూసుకుంటం” అన్నాడు. అతని చేతిలో ఇనుప రాడ్డు ఉంది. నేను అత్త కొంగు ముడి వైపే చూస్తున్నాను. ఆమె చెయ్యి ఆ ముడి మీద ఉంది.

ట్రాలీ ఆటో వెనక తొట్టిలో నిలబడి వెళ్లాం. దారి పొడుగునా అత్త ఆ ముడి విడువలేదు.

షెడ్డు ముందు ఆటో ఆగీ ఆగకముందే చెన్నయ్య దూకి ఖలీద్ గల్లా పట్టుకున్నాడు. ఒకతను రాడ్డుతో టైర్ల స్టాండును కొట్టాడు. టైర్లు రోడ్డు మీదికి దొర్లాయి. ఖలీద్ రెండు చేతులూ పైకెత్తి, “అన్నా, ఏమైంది చెప్పు అన్నా, చెప్పి కొట్టు” అంటున్నాడు. పక్క దుకాణాల వాళ్లు గుమిగూడారు. ఒక్క దెబ్బ పడిందంటే అది ఎక్కడిదాకా పోతుందో అందరికీ తెలుసు.

అత్త వాళ్ల మధ్యకు పోయి చెన్నయ్య చెయ్యి పట్టి లాగింది.

“ఇడువురా. బ్రేకులు మంచిగనే ఉన్నయ్. బ్రేకు పడ్డందుకే బండి ఆగింది, లేకుంటె మీ అవ్వ మీదికెల్లి పోతుండె.”

“మరేమైంది?”

అత్త కొంగు ముడి విప్పింది. నల్లబడిన గింజను అరచేతిలో పెట్టి చూపించింది.

“గిది గాలి గొట్టంల ఇరికింది. రేకు మూసుకోలే. పున్నమి ముందటి దినం నేనే ఇంట్ల ఇప్పిన, నేనే పత్తి వెట్టి తుడిసిన.”

ఖలీద్ గింజ వైపు చూసి, నెమ్మదిగా అన్నాడు. “బనీన్ గుడ్డ అని చెప్పిన గద భాభీ.”

“చెప్పినవ్. నేనే ఇనలే.”

 చెన్నయ్య గొంతు చించుకుని అరిచాడు. “పత్తి వెట్టి ఇంజన్ తుడిసేటోళ్లు ఏడన్న ఉంటరా? గా పత్తి నీకు ఎవలిచ్చిండ్రు? ఏ బుద్ధితోని వెట్టినవ్?”

నేను ఆమె వైపు చూశాను. అత్త నా వైపు తిరగనైనా లేదు.

“పత్తి ఎవలియ్యాల్నా? ఏరే దినాలల్ల ఎవలింట్ల లేదు పత్తి?”

“అంటే మా అవ్వ కాలు నువ్వే ఇరగ్గొట్టినవ్.”

“అవ్.”

చెన్నయ్య ఆమెను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. అరచేతిలోని గింజను మాత్రం విసిరికొట్టాడు. అది టైర్ల మధ్య ఎక్కడో పడింది. వాళ్లు మమ్మల్ని అక్కడే వదిలి ట్రాలీ ఎక్కి వెళ్లిపోయారు. ఖలీద్ దొర్లిన టైర్లు ఒక్కొక్కటే ఏరుకుంటూ ఉంటే అత్త కూడా ఒంగి ఏరింది. 

మర్నాటి నుంచి మా వాకిలి ముందుకు ఎవరూ రాలేదు. సతీశ్ ఆటో మా ఇంటి ముందు నుంచే పోయేది, ఇక్కడికి వచ్చాక ఒకసారి హారన్ కొట్టి మరీ పోయేది. ఆడవాళ్లు ముఖాలు పక్కకు తిప్పుకునేవాళ్లు. సైదమ్మ ఒక్కతే ఒకనాడు దిగి వచ్చింది.

“నాకు నీ మీద కోపం లేదే భాగ్యా. బుగులుంది, బండెక్కాల్నంటెనే భయం. కోపమైతె ఎప్పుడో అప్పుడు పోతది. బుగులు పోదు.”

“తెలుసక్కా” అంది అత్త.

గోపమ్మవ్వను ఇంటికి తెచ్చాక కూడా చెన్నయ్య మమ్మల్ని గడప తొక్కనివ్వలేదు. అతను కూలికి పోయిన ఒక పగటిపూట, కోడలు బావి దగ్గర ఉన్నప్పుడు, అత్త గంజి కాచి తీసుకుపోయింది. నన్ను వెంట రమ్మంది. గోపమ్మవ్వ నులక మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. మనిషి సగమైపోయింది. అడుగుల చప్పుడుకే గుర్తుపట్టింది.

“భాగ్యా, గా గింజ నాదే గద?”

“ఏమో అవ్వా. మా వాకిట్ల సుత పత్తి ఉండె.”

“అబద్ధమాడకు. గా పత్తి రైతుది, బోరాలల్ల కుట్టి ఉండె. రెండు కుప్పలు వెట్టుకున్న నేను. గింజది ఎడమ దిక్కు, తీసింది కుడి దిక్కు. నీకు ఇచ్చినప్పుడు చెయ్యి ఎటు వోయిందో. కండ్లకు పొర.” కాసేపు ఊపిరి తీసుకుంది. “చెన్నడికి చెప్పినవా?”

“లేదు.”

“చెప్పకు బిడ్డా. గిప్పుడు వాడు నిన్ను తిట్టుకుంట నాకు బువ్వ వెడ్తాండు. నేనే చేసుకున్ననని తెలిస్తె నన్ను తిట్టుకుంట వెడ్తడు. గా బువ్వ నాకు మింగుడు పడదు.”

అత్త గంజి చెంబు పక్కన పెట్టి, ఆమె తల కింద చెయ్యి వేసి లేపింది.

“నా నోటెంట రాదు. తాగు.”

“కని నీ బండి…”

“బండిదేముంది. తాగవ్వా, సల్లారుతాంది.”

ఇంటికి వస్తూ దారిలో నేను అడిగాను. “సైదమ్మ ఒక్కదానికన్న చెప్దామా అత్తా? ఆమె తోటి మళ్ల అందరు వస్తరు.”

“ఒక్కలకు చెప్తె ఊరందరికి చెప్పినట్టే. నువ్వు మాట్లాడని పోరివనే గద నిన్ను వెంటవెట్టుకుని తిరుగుతున్న.”

చెన్నయ్య తల్లిని బాగానే చూసుకున్నాడు. ఎత్తి కూర్చోబెట్టేవాడు, వీపు తుడిచేవాడు. అట్లా చేస్తున్నంతసేపూ వీధికి వినపడేటట్టు అత్తను శపించేవాడు. ఆ శాపాలు మా ఇంట్లోకి వినపడేవి. అవి వినపడని రోజున అత్తకు అన్నం దిగేది కాదు. “ఇయ్యాల వాడు తిడుతలేడేందే, ముసల్దానికి ఏమన్న అయిందా?” అని నన్ను తలుపు సందులోంచి చూడమనేది.

గోపమ్మవ్వ మళ్లీ కార్తీకం చూడలేదు. వానాకాలం మొదట్లో, మంచం మీదనే, ఒంటికి పుండ్లు పడి చనిపోయింది. చెన్నయ్య ఊళ్లో అందరూ మెచ్చుకునేటట్టు కర్మ చేశాడు. అత్తను శవం దగ్గరికి రానివ్వలేదు. అత్త మా అరుగు మీద, గోపమ్మవ్వ వత్తులు చేసిన చోట కూర్చుని, పాడె మలుపు తిరిగేదాకా చూసింది. తర్వాత చెన్నయ్య భార్యాపిల్లలతో హైదరాబాదు పోయి ఏదో అపార్టుమెంటు దగ్గర వాచ్‌మన్‌గా కుదిరాడు. ఆ ఇంటికి తాళం ఉంది. ఇంక ఎవరి బువ్వా చేదయ్యేది లేదు కాబట్టి ఇదంతా రాయగలుగుతున్నాను.

ఊళ్లో చెప్పమని అత్తను మళ్లీ అడిగాను. “సచ్చినామె మీద వెట్టి బతుకుతున్నదంటరు” అంది. అదీ నిజమే. ఇప్పుడు చెబితే ఎవరు నమ్ముతారు?

బండి మీద పట్టా కప్పి ఉంది. టైర్లలో గాలి పోయింది, ఎలుకలు వైర్లు కొరికాయి. మొదట్లో అప్పుడప్పుడు సీటెత్తి, స్టార్ట్ చేసి, తల వంచి వినేది. ఇప్పుడు అదీ లేదు. బతకాలి కాబట్టి ఆమె కూడా ఒడి కట్టుకుని పత్తి ఏరడానికి పోతోంది, సతీశ్ ఆటోలోనే.

ఆమె ఎక్కేది డ్రైవర్ పక్క సీటు. పడుచు పిల్లలు అటు రాకుండా తానే ముందు ఎక్కి కూర్చుంటుంది. అన్నం గిన్నెను తనకూ సతీశ్‌కూ మధ్య నిలబెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంటుంది. గతుకు వచ్చినప్పుడు అతని మోచెయ్యి గిన్నెకు తగిలి టంగుమంటుంది.

చేను వచ్చాక అందరికన్నా ముందు దిగుతుంది. వెనక్కి పోయి నిలబడి, దిగే ప్రతి మనిషికీ చెయ్యి అందిస్తుంది. మొదటి రోజు ఆ చెయ్యి పట్టుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఆటో కడ్డీ పట్టుకుని తమంతట తాము దిగారు. అత్త చెయ్యి చాచే ఉంచింది. ఇప్పుడు పట్టుకుంటున్నారు, ముఖం చూడకుండానే.

“ఏ, జల్దీ దిగుండ్రి, నాకు ఇంకో ట్రిప్పు ఉంది” అని సతీశ్ ఇంజన్ రేజ్ చేస్తాడు. ఆ మోత వినగానే అత్త పట్టు బిగుస్తుంది, అవతలి మనిషికి నొప్పి పుట్టేటంతగా.

“రెండు కాళ్లు కింద వెట్టినవా?”

సైదమ్మ ఇప్పుడు మూడో కాలు మాట ఎత్తదు.

“వెట్టిన” అంటుంది.

అప్పుడు అత్త చెయ్యి వదులుతుంది.